కెటిల్ లోపల రెండు మరకలు

(తిరుపతిలో ఒక కాలనీ మహిళల ఆదివారం సమావేశంలో, రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకామె చేసిన ప్రసంగం. రికార్డింగు విని, ఆమె మాట్లాడిన తీరులోనే రాశాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం కిందికి దించు నాయనా, నేను పొట్టిదాన్ని. ఆ, చాలు.

మాట్లాడే ముందు ఒక పని చేస్తా. ఇదిగో, ఈ తెల్ల పింగాణీ టీ పాట్ మా ఇంటిదే. ముందు వరసలో వాళ్ళు లోపల తొంగి చూసి వెనక్కి పంపండి. భద్రం, మూత కింద పడుతుంది. లోపలంతా వక్క నమిలిన నోరు మాదిరి ఉంది కదా? మూడు నెలల నుంచీ కావాలనే ఉత్త నీళ్ళతో తొలిచి పెడతా ఉండా, ఈరోజు మీకు చూపించాలని. మా కోడలికి ప్రాణం పోయింది. "అత్తా, ఇంటికి ఎవరన్నా వస్తే నా పరువు పోతుంది" అని. (నవ్వులు)

అందరూ చూసినారా? ఇట్లా ఇవ్వండి. ముందు గోరువెచ్చని నీళ్ళు పోసి ఒకసారి తిప్పి పారబోస్తా. చల్లటి పింగాణీలో ఒక్కసారిగా కాగే నీళ్ళు పోస్తే లోపలి వైపు సాగుతుంది, బయటి వైపు సాగదు, టప్‌మని చీలుతుంది. ఇప్పుడు వంట సోడా, రెండు స్పూన్లు. ఫ్లాస్కులో తెచ్చిన వేడి నీళ్ళు, నిండా. మూత పెట్టను. ఈ బల్ల మీదే పెడతా, నా మాటలు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు.

మా నాయనకు చిత్తూరులో టీ అంగడి ఉండేది. ఇత్తడి బాయిలర్, మధ్యలో బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్ళు, ముందర కొళాయి. పైన గుడ్డ వడపోత వేలాడదీసిన డికాషన్ చెంబు. అంగడి మూసినాక రాత్రి తొమ్మిదింటికి అసలు పని మొదలయ్యేది, ఆ బాయిలర్ తోమడం. పులుసు పిండేసిన చింతపండు తొక్కు మా అమ్మ పగలంతా ఒక మట్టి మూకుట్లో దాచిపెట్టేది. దాంట్లో పిడికెడు రాళ్ళుప్పు వేసి కొబ్బరి పీచుతో రుద్దితే, ఆ ఇత్తడి అప్పుడే అంగట్లో కొన్నట్టు ఉండేది. రుద్దే పని నాకూ మా చెల్లెలికీ. చింతపండు, ఉప్పు కలిస్తే ఇత్తడి ఎందుకు మెరుస్తుందో నాకు ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేదాకా తెలీదు. అప్పటికి పదేళ్ళు రుద్దేసినా. (నవ్వులు)

సరే, విషయానికొస్తా. మీ ఇళ్ళల్లో టీ గిన్నె గానీ, కెటిల్ గానీ, ఫ్లాస్కు గానీ, దాంట్లో పట్టే మరకలు రెండు రకాలు. ఒకటి టీది. రెండోది నీళ్ళది. ఈ రెండూ వేరే వేరే జాతులు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు. మనం చేసే తప్పంతా ఇక్కడే. మరక ఏదో చూడకుండా దొరికిన పొడి వేసి, పీచు తీసుకుని, చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దుతాం.

టీది గోధుమ రంగు, ముదిరితే నలుపు. నీళ్ళది తెలుపు, గరుకు. గోరుతో గీకితే సుద్దలాగా రాలుతుంది. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున చూసుంటారు. తిరుపతిలో ఉండేవాళ్ళకు దాని గురించి నేను చెప్పాలా? కళ్యాణి డ్యాం నీళ్ళో, తెలుగు గంగ నీళ్ళో వచ్చినప్పుడు ఒక తీరు, కొళాయి రాక బోరు నీళ్ళు వాడినప్పుడు ఇంకో తీరు. బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. కరిగినంతసేపూ కంటికి కనబడదు. కాగబెడితే గ్యాసు పైకి పోతుంది, కాల్షియం కార్బొనేట్ అడుగున కూర్చుంటుంది. అంటే సున్నపురాయే. మీ కెటిల్ అడుగున రోజుకు ఇంత సున్నపురాయి కడతా ఉన్నారు మీరు.

టీ మరక కథ వేరు. ఆకును నలిపి గాలి తగలనిచ్చినప్పుడే దాంట్లో ఉండే వగరు పదార్థాలు రంగు మారతాయి. ఎర్ర టీ రంగంతా వాటిదే. వక్క, కరక్కాయ, పచ్చి అరటికాయ, వీటిలో ఉండే వగరు కూడా ఆ కుటుంబమే. అరటికాయ తరిగితే వేళ్ళు నల్లబడతాయి కదా, సబ్బుకు ఒక పట్టాన పోదు. టీ పాట్ లోపల జరిగేదీ అదే. దానికి తోడు బోరు నీళ్ళలో కాల్షియం ఉంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పాలు లేని టీ పోసి కాసేపు పెడితే పైన నూనె మాదిరి ఒక తెట్టె తేలుతుంది, చూసినారా? లండన్ ఇంపీరియల్ కాలేజీలో మైకేల్ స్పిరో అనే ఆయన ఆ తెట్టె మీదే కూర్చుని పని చేసినాడు, 1993లో నేచర్ పత్రికలో కూడా రాసినాడు. కాల్షియం, బైకార్బొనేట్ ఉండే నీళ్ళలోనే ఆ తెట్టె వస్తుంది, శుద్ధి చేసిన డిస్టిల్డ్ వాటర్‌లో రాదు, నిమ్మరసం పిండితే రాదు. నేను ఆ సంగతి చదివి మా ఆయనకు చెబితే, "టీ మీద తెట్టె చూసేదానికి కూడా జీతం ఇస్తారా" అన్నాడు. (నవ్వులు)

ఇప్పుడు చూడండి. రెండు గాజు గ్లాసుల్లో ఒకే డికాషన్ పోసినా. దీంట్లో నిమ్మకాయ పిండుతా ఉండా. రంగు తేలిపోయింది కదా? తేనె రంగయింది. దీంట్లో చిటికెడు సోడా. ముదిరిపోయింది. రెండూ ఒకే టీ. పులుపు తగిలితే ఆ వగరు పదార్థం ఒక తీరుగా ఉంటుంది, సోడా లాంటి క్షారం తగిలితే ఇంకో తీరుగా మారి నీళ్ళలో బాగా కరుగుతుంది. అందుకే టీ మరకకు మందు వంట సోడా. నీళ్ళు వేడిగా ఉండాలి. వేడికి వంట సోడాలో కొంత చాకలి సోడాగా మారుతుంది, ఘాటు పెరుగుతుంది. ఒక అరగంట, మొండి మరకయితే రాత్రంతా. రుద్దే పని లేదు. మీరు నిద్రపోతా ఉంటే అది పని చేస్తా ఉంటుంది.

నీళ్ళ మరకకు సోడా వేస్తే ఏమీ కాదు. సున్నానికి పులుపు కావాల. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, నేనే చాన్నాళ్ళు పొరపాటు పడినా. పులుపు అంటే మనకు చింతపండే కదా, మన జిల్లాలో చింతచెట్లకు కొదవా? కానీ చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. అది సున్నంతో కలిస్తే పుట్టే పదార్థం మళ్ళీ నీళ్ళలో సరిగ్గా కరగదు, అక్కడే తిష్ట వేస్తుంది. ఇత్తడికి, రాగికి చింతపండును మించింది లేదు. కెటిల్ అడుగున సున్నానికి మాత్రం అది సరిజోడు కాదు. దానికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం పొడి వాడండి, కిరాణా అంగట్లో దొరుకుతుంది. లీటరు నీళ్ళకు ఒక పెద్ద స్పూను. నీళ్ళు వేడి చేసి, స్విచ్ ఆపినాక వేయండి. వేసి మళ్ళీ కాగబెడితే పొంగి మీద పడుతుంది. వెనిగర్ ఉంటే సగం వెనిగర్, సగం నీళ్ళు. రెండూ లేకపోతే బాగా పులిసిన మజ్జిగ. నవ్వకండమ్మా, పులిసిన మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం సున్నాన్ని బాగానే కరిగిస్తుంది. కాకపోతే వాసన పోయేదానికి రెండు మూడు సార్లు కడగాల. అరగంట తర్వాత పారబోసి, మంచినీళ్ళు ఒకసారి కాచి అవి కూడా పారబోయండి. ఎలక్ట్రిక్ కెటిల్‌ను మాత్రం సింకులో ముంచొద్దు.

ఫోన్లో వీడియోలు చూసి అందరూ అడిగేది ఒకటుంది. సోడా, వెనిగర్ రెండూ కలిపి పోస్తే బుస్సుమని పొంగుతుంది కదా మేడం, అది మంచిదేనా అని. చూసేదానికి బాగుంటుంది. కానీ ఆ పొంగులో క్షారమూ పులుపూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. మిగిలేది ఉప్పు లాంటి నీళ్ళు. నురగ తీసుకుపోయే మురికి కొంచెమే. రెండు మరకలూ ఉంటే ఈ పూట సోడా, కడిగేసి రేపు పులుపు.

ఇది చెప్పే అర్హత నాకు బాగా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో స్టాఫ్ రూములో అందరి ఫ్లాస్కులు నేనే శుభ్రం చేస్తానని గొప్పలకు పోయినా. ఒకదాంట్లో సోడా వేసి, నిమ్మరసం పోసి, బాగా కలవాలని మూత బిగించి ఊపినా. కెమిస్ట్రీ లెక్చరర్‌ని, గుర్తుపెట్టుకోండి. మూత ఎగిరి సీలింగుకు తగిలి, పైనుంచి సున్నం పెళ్ళ రాలి హిస్టరీ మేడం టిఫిన్ బాక్సులో పడింది. (నవ్వులు) ఆ రోజు పెరుగన్నం. సంవత్సరం మాట్లాడలేదు నాతో.

ఫ్లాస్కుకు పిడికెడు బియ్యం, ఒక స్పూను సోడా, సగానికి గోరువెచ్చని నీళ్ళు. మూత పెట్టకుండా, చేత్తో పట్టుకుని గుండ్రంగా తిప్పండి. బియ్యం గింజే మన చెయ్యి పోని చోటికి పోయి రుద్దుతుంది. లోపల గాజు ఉండే పాత ఫ్లాస్కులయితే మెల్లగా తిప్పాల, ఇసకా గులకరాళ్ళూ వేయొద్దు.

ఇంతదాకా మరక సంగతి. ఇంక పాత్ర సంగతి. ఇక్కడే కొంపలు మునిగేది.

1978లో పెళ్ళయి తిరుపతికి వచ్చినా. మా అత్తకు ఒక అల్యూమినియం కెటిల్ ఉండేది, వాళ్ళ అమ్మ ఇచ్చింది, ప్రాణం. లోపల టీ పట్టేసి ఉంది. చదువుకున్న కోడలు కదా, మెప్పు పొందాలని సోడా వేసి పొయ్యి మీద పెట్టి పావుగంట మరగబెట్టినా. తీసి చూస్తే లోపలంతా దీపం మసి పూసినట్టు నలుపు. అల్యూమినియానికి గాలి తగిలి పైన ఒక సన్నని పొర కడుతుంది, అదే దానికి రక్ష. క్షారం ఆ పొరను తినేస్తుంది. సోడా అయినా, కట్టెల బూడిద అయినా, చాకలి సోడా అయినా అంతే. మా అత్త కోప్పడలేదు. కెటిల్‌లో నీళ్ళు పోసి, నిమ్మకాయంత చింతపండు వేసి, పొయ్యి మీద పెట్టి, "పది నిమిషాలు చూడు" అనింది. తెల్లగా వచ్చేసింది. "మీ కాలేజీలో ఇది చెప్పలేదామ్మా?" అనింది, అంతే. ఆ మాట నలభై ఏళ్ళు మోసినా. కాబట్టి అల్యూమినియం, హిండాలియం పాత్రలకు సోడా వద్దు, పులుపే. అది కూడా నానబెట్టి మర్చిపోవద్దు, పది నిమిషాల్లో తీసి కడిగేయండి.

ఇత్తడి, రాగి పాత్రలకు లోపల కళాయి ఉంటుంది. బయట చింతపండుతో ఎంత రుద్దినా పరవాలేదు. లోపల రుద్దొద్దు. కళాయి అంటే తగరం, గోరుతో గీత పడేంత మెత్తని లోహం. బూడిదా, ఇటుక పొడీ, స్టీలు పీచూ తగిలితే ఆరు నెలల్లో అరిగిపోతుంది, కింద ఎర్రగా రాగి కనబడుతుంది. అప్పుడు దాంట్లో పులుపు ఉండేది ఏదీ వండకూడదు. ఇంకోటి, 232 డిగ్రీలకే తగరం కరుగుతుంది. నీళ్ళు లేకుండా పొయ్యి మీద మర్చిపోయినారా, కళాయి ముద్దలు కడుతుంది. మా చిన్నప్పుడు కళాయి పోసే సాయబు వీధిలోకి వస్తే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. నేలలో చిన్న గుంత, తోలు తిత్తి, పాత్ర బాగా కాలినాక నవాసాగరం చల్లితే గుప్పున తెల్ల పొగ. తగరం ముక్క అట్లా తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే, నల్లటి గిన్నె లోపల చంద్రుడు పుట్టినట్టు ఉండేది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళను వెతుక్కుంటా పోవాల.

స్టీలుకు సోడా, పులుపు రెండూ సరిపోతాయి. దానికి పడనిది ఉప్పు. ఉప్పు నీళ్ళు పోసి రాత్రంతా వదిలేస్తే సూది మొనంత గుంటలు పడతాయి, అవి ఇంక పోవు. స్టీలు మీద నీలం, ఊదా రంగులు తేలితే భయపడొద్దు. వేడికి వచ్చిన రంగు, నిమ్మచెక్కతో తుడిస్తే పోతుంది.

ఇనుప కెటిల్ గురించి చెప్పాల. ఈ మధ్య మా మనవరాలు జపాన్ ఇనుప కెటిల్ ఒకటి తెచ్చింది. వారంలో లోపల తుప్పు. పీచు తీసుకుని రుద్దబోతా ఉంటే ఆపినా. వాడేసిన టీ ఆకు గుప్పెడు గుడ్డలో మూట కట్టి, నీళ్ళలో వేసి అరగంట కాచినాం. నీళ్ళు సిరా మాదిరి అయిపోయినాయి. పారబోసి, మళ్ళీ కాస్తే తుప్పు మీద నల్లటి పొర నిలిచింది. ఆ పొరే ఇంక తుప్పు ముదరకుండా కాపాడేది. జపాన్ వాళ్ళు కూడా ఇదే చేస్తారు.

ఇది మనకు కొత్తా? శ్రీకాళహస్తి ఇక్కడికి ఎంత దూరం? కలంకారీ వాళ్ళు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. ఆ నీళ్ళలో కలం ముంచి గుడ్డ మీద గీత గీస్తే, కళ్ళ ముందరే నలుపు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు. మీరు తలకు గోరింటాకు పొడిని ఇనుప మూకుట్లో టీ డికాషన్ పోసి నానబెడతారు కదా, అదీ ఇదే. కలంకారీ గుడ్డ మీద కృష్ణుడి ముంగురులకు నలుపు ఎట్లా వచ్చిందో, మీ జుట్టుకూ మా మనవరాలి కెటిల్‌కూ అట్లనే వచ్చింది. (నవ్వులు, చప్పట్లు)

మట్టి టీ పాట్‌లు కొందరు కొంటా ఉన్నారు. చైనాలో యిషింగ్ అనే ఊరి మట్టివి బాగా పేరు. పైన గాజు పూత ఉండదు. వాటికి సబ్బు ముట్టించొద్దు, వేడి నీళ్ళతో తొలిచి బోర్లించండి. కొత్త కుండను సబ్బుతో కడిగితే నీళ్ళు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పలమనేరు మట్టి కూజా అయినా, చైనా మట్టి పాట్ అయినా మట్టి మట్టే, పోసింది తాగుతుంది.

ఒకరు చీటీ పంపినారు. "మేము పాలు పోసి మరగబెట్టే టీనే తాగుతాం, ఈ టీ పాట్‌లు మాకెందుకు?" న్యాయమే. (నవ్వులు) మీ గిన్నెలో మూడో మరక ఉంది, పాలది. పాల గిన్నెలో ముందే వేడినీళ్ళు పోస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఇంకా అంటుకుంటాయి. ముందు చన్నీళ్ళు పోసి తొలచండి, తర్వాత వేడినీళ్ళు, సోడా. టీ జల్లెడకూ అంతే. స్టీలు జల్లెడను స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి దులిపేవాళ్ళు ఉన్నారు. కన్నాలు తెరుచుకుంటాయి గానీ తీగ పెళుసైపోతుంది. సోడా నీళ్ళలో పడేస్తే పోయేదానికి అంత శిక్ష ఎందుకు?

ఇంకో చీటీ. కుంకుడుకాయ పనికొస్తుందా? జిడ్డుకు పనికొస్తుంది. టీ మరకకు పెద్దగా పని చేయదు. బంగారు అంచు ఉండే పింగాణీకి మాత్రం అదే మేలు, కుంకుడు రసం, మెత్తటి గుడ్డ. ఆ అంచును సోడాతో రుద్దినారంటే బంగారం మీ చేతికొస్తుంది, తాకట్టుకు పనికిరాదు. (నవ్వులు)

ఒక్క మాట గట్టిగా చెప్తా, ఇది నవ్వేది కాదు. బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లగా వస్తుందని కొందరు వాడతారు. దాంతో పాటు నిమ్మరసమో, వెనిగరో, బాత్‌రూమ్ యాసిడో కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. మూసిన వంటింట్లో అది ఊపిరితిత్తులకు ప్రమాదం. మనం తాగే పాత్రల దగ్గరికి బ్లీచింగ్ పౌడర్‌నూ, బాత్‌రూమ్ యాసిడ్‌నూ రానీయొద్దు.

సరే, ఎంతసేపయింది? నలభై నిమిషాలు. ఇంక మన పాట్ చూద్దాం. ఆ తెల్ల బేసిన్ ఇట్లా పెట్టమ్మా. పోస్తా ఉండా... చూసినారా రంగు? డికాషన్ అనుకుని ఎవరన్నా తాగేస్తారు. ఒకసారి మంచినీళ్ళతో తొలుస్తా. వేలితో అట్లా రాస్తే చాలు, పొర జారిపోతా ఉంది. ముందు వరస వాళ్ళు చూడండి. తెల్లగా ఉందా?

"ముక్కు దగ్గర ఇంకా ఉంది మేడం."

అవును, ఉంది. ముక్కు మొదట్లో జల్లెడ కన్నాలు ఉంటాయి, అక్కడ నీళ్ళు నిలవవు. దానికి చీపురు పుల్ల. ఎవరి దగ్గరన్నా ఉందా? ఆ, కొబ్బరి ఈనె, ఇంకా మంచిది. కొనకు ఈ గుడ్డ పేలిక చుట్టి, కొంచెం సోడాలో అద్ది, ముక్కులో నుంచి ఇట్లా లోపలికి... బిగుతుగా చుట్టొద్దు, లోపలే ఇరుక్కుంటుంది. నువ్వు రా అమ్మా, నువ్వు చెయ్యి. మెల్లగా తిప్పు. వస్తా ఉంది చూడు నల్లగా.